ఫెరెట్ కవచ కారుకి అసలైన పొగ గ్రెనేడ్ గొట్టాలు: ఏది కొనాలి, ఎలా బాగుచేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇంగ్లండ్‌లో ఉంటున్న ఒకాయన ఇద్దరు స్నేహితులతో కలిసి డైమ్లర్ ఫెరెట్ మార్క్ 2/3 కొన్నారు. బండి ముందు భాగంలో రెండు పక్కలా ఉండాల్సిన పొగ గ్రెనేడ్ డిశ్చార్జర్లలో (పొగ తెర కోసం గ్రెనేడ్లు విసిరే గొట్టాలు) ఎడమ వైపువి అసలే లేవు, కుడి వైపువి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఒరిజినల్ సెట్టు ఎలా సంపాదించాలి, ఉన్నవాటిని ఎలా బాగుచేయాలి, లోపల డమ్మీ గ్రెనేడ్లు పెట్టాలా, స్విచ్ బాక్సుకి కరెంటు ఇవ్వాలా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పేస్తాను. సెట్టు కోసం వెతికే ముందు, మీ బండిని ఏ కాలం నాటి రూపంలో నిలబెట్టాలనుకుంటున్నారో తేల్చుకోండి. అది తేలితే ఏ గొట్టాలు, ఏ రంగు, ఏ మూతలు అనేవి చాలావరకు వాటంతటవే తేలతాయి. గొట్టాల్లో ఏమీ పెట్టొద్దు. వైరింగ్ చూడ్డానికి అసలుదానిలా ఉండాలి గానీ అందులోకి కరెంటు వెళ్లకూడదు.

నేనెవరో కూడా చెప్పాలి కదా. సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో పని నేర్చుకుని, ఆర్మీలో ఎక్కువ కాలం విజయంత ట్యాంకుల మీద చేశాను. ఆవడిలో తయారైనా విజయంత పుట్టుక బ్రిటిష్ వికర్స్ డిజైనే. టరెట్‌కి (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) ఒక్కో పక్క ఆరేసి పొగ గొట్టాలుండేవి, అవీ ఆ కుటుంబానివే. రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వచ్చి, ఇక్కడ పాత మిలిటరీ బళ్లు బాగుచేసేవాళ్ల షెడ్లలో చేయి కలుపుతున్నాను. ఫెరెట్లు, సారసెన్లు (సైనికుల్ని మోసే కవచ బళ్లు) ఎక్కువ చూశాను. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

ముందుగా మూడు తరాల సంగతి. బ్రిటిష్ బండి మీద పొగ గ్రెనేడ్ గొట్టం అంటే అన్నీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. కావు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి డైమ్లర్, హంబర్ కవచ కార్ల మీదా, క్రూసేడర్ లాంటి ట్యాంకుల మీదా ఉన్నది 4 అంగుళాల డిశ్చార్జర్. దాని వెనక సగం కోసేసిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలే. బోల్టు, ట్రిగ్గర్ అన్నీ అలాగే ఉంటాయి. బ్యారెల్ ఉండాల్సిన చోట వెడల్పాటి కప్పు ఉంటుంది. లోపల కూర్చున్న సైనికుడు కేబుల్ లాగితే ట్రిగ్గర్ పడుతుంది, గుండు లేని తూటా పేలి పొగ డబ్బాని బయటికి విసురుతుంది. చేతిలో ఉన్న పాత రైఫిళ్లతో ఇంత పని చేయించుకున్నారంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

యుద్ధం తర్వాత వచ్చినవి కరెంటుతో పనిచేసే బహుళ గొట్టాలు. సెంచూరియన్ ట్యాంకు టరెట్‌కి ఒక్కో పక్క ఆరు, సలాడిన్ కవచ కారుకీ ఒక్కో పక్క ఆరు, ఫెరెట్‌కీ సారసెన్‌కీ ఒక్కో పక్క మూడు. వీటిలో వాడిన నంబర్ 80 గ్రెనేడ్‌లో తెల్ల భాస్వరం ఉండేది. అది గాలి తగిలితే చాలు, 30 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ వేడికే తనంతట తాను అంటుకుంటుంది. మన ఊళ్లలో మధ్యాహ్నం నీడలో ఉండే వేడి అంత.

మూడో తరం 66 మిల్లీమీటర్ల ఎల్8 గ్రెనేడ్‌ది. అందులో ఎర్ర భాస్వరం 95 శాతం, బ్యూటైల్ రబ్బరు 5 శాతం. బండికి సుమారు 30 మీటర్ల దూరంలో పొగ తెర లేస్తుంది. అమెరికావాళ్లు తమ అబ్రామ్స్ ట్యాంకు లాంచర్లకి ఈ బ్రిటిష్ గ్రెనేడ్‌నే తీసుకున్నారు. బ్రిటిష్ ట్యాంకు ఛాలెంజర్ 2 మీద ఒక్కో పక్క ఐదు గొట్టాలున్నదీ దీనికోసమే.

ఇదంతా ఎందుకంటే, ఫెరెట్‌కి ఆయుష్షు ఎక్కువ. 1952 నుంచి 1971 దాకా కోవెంట్రీలో 4,409 తయారయ్యాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో కూడా కొన్ని తిరిగాయి. మధ్యలో వర్క్‌షాపులకి వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి మారుతూనే ఉండేది. కాబట్టి "ఫెరెట్‌కి ఒరిజినల్ సెట్టు ఏది" అంటే ఒక్క జవాబు ఉండదు. 1958లో జర్మనీలో తిరిగిన ఫెరెట్ వేరు, 1964 తర్వాత సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి తెల్ల రంగు వేసుకున్న ఫెరెట్ వేరు.

మీ బండి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? మొదటి సాక్షి బండే. కుడి బ్రాకెట్ విప్పినప్పుడు దాని కింద ఉన్న పెయింటు గీకేయకండి, ముందు ఫొటో తీసుకోండి. బ్రాకెట్ బిగించి ఉన్న చోట తర్వాతి పెయింట్లు పడవు కాబట్టి కింద పాత పొర అలాగే మిగిలి ఉంటుంది. మేం ఒక ఫెరెట్‌కి ఇలాగే విప్పితే, పైన ఇసుక రంగు, దాని కింద నలుపు ఆకుపచ్చ మచ్చలు, బ్రాకెట్ అడుగున నిగనిగలాడే డీప్ బ్రాంజ్ గ్రీన్ కనపడ్డాయి. అంటే ఆ బ్రాకెట్ తొలినాళ్ల నుంచీ కదల్లేదన్నమాట. అదే బ్రాకెట్ కింద కూడా మూడు పొరలూ ఉన్నాయంటే, ఎవరో తర్వాత తెచ్చి బిగించారని అర్థం.

ఎడమ వైపు ఏమీ లేదన్నారు కదా, అక్కడ బోల్టు రంధ్రాలున్నాయా, పుట్టీతో పూడ్చారా, వెల్డింగ్‌తో మూశారా చూడండి. టార్చ్‌ని బండి గోడకి ఆనించి పక్కవాటుగా వేస్తే పూడ్చిన రంధ్రం అంచు కనిపిస్తుంది. లోపలి వైపు కేబుల్ వచ్చే రంధ్రం వెతకడం మర్చిపోవద్దు, బయట మూసినవాళ్లు లోపల మూయడానికి బద్ధకిస్తారు.

తర్వాత కాగితాలు. 1949 తర్వాత సైన్యం ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు రెండంకెలు, రెండక్షరాలు, రెండంకెలుగా ఉంటుంది. అది దొరికితే డోర్సెట్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం ఆర్కైవ్‌కి రాయండి. నంబరు తెలియకపోతే పాత పెయింటు పొరల్ని నెమ్మదిగా, తడి కాగితంతో రుద్దుతూ వెళ్తే ముందు భాగం మీదో, వెనక మీదో బయటపడుతుంది. పనికొచ్చే రెండో కాగితం ఈఎంఈఆర్ పుస్తకాలు. బ్రిటిష్ సైన్యంలో బళ్లు బాగుచేసే విభాగమైన రీమీ వాళ్ల మరమ్మతు, మార్పుల ఆదేశాలన్నీ వాటిలో ఉంటాయి. విడిభాగాల బొమ్మల పుస్తకం కూడా సంపాదించండి. పార్టు నంబర్ చేతిలో ఉంటే కొట్టువాడు చెప్పే కథలు వినక్కర్లేదు.

ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త. ఇంటర్నెట్‌లో కనిపించే రంగు ఫొటోల్లో సగం ఇప్పటి ప్రదర్శనల్లో తీసినవే. ఒకాయన తప్పు బిగిస్తే, అది చూసి ఇంకొకాయన బిగిస్తాడు. సైన్యంలో వాడుకలో ఉన్నప్పుడు తీసిన ఫొటోనే లెక్కలోకి తీసుకోండి. ఉత్తర ఐర్లండ్‌లో తిరిగిన బళ్లకి అక్కడి అవసరాన్ని బట్టి మార్పులు చాలా జరిగాయి, ఆ ఫొటోలు చూసి మిగతా బళ్లకి వర్తింపజేయొద్దు.

కొనేటప్పుడు. ఆటోజంబుల్ అనే పాత బండి విడిభాగాల సంతల్లో, సర్‌ప్లస్ కొట్లలో ఆరు గొట్టాల సెట్లు తరచుగా కనిపిస్తాయి. అవి ట్యాంకులవి, సలాడిన్‌వి. నాకు తెలిసిన ఒక సారసెన్ యజమాని వాటినే కొని, మధ్యకి కోసి మూడూ మూడూ చేద్దామనుకున్నాడు. ఆపించాం. మూడు గొట్టాలూ ఒకే దిక్కుకి చూడవు, విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. అలా ఉంటేనే పొగ తెర వెడల్పుగా పరుచుకుంటుంది. సగానికి కోస్తే ఆ కోణాలన్నీ పోతాయి, ఒక మంచి సెంచూరియన్ సెట్టు కూడా పాడైపోతుంది. ఎడమ సెట్టు, కుడి సెట్టు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉండాలి. రెండు పక్కలా కుడి సెట్లే బిగించిన ఫెరెట్లు ప్రదర్శనల్లో కనిపిస్తుంటాయి. మామూలు జనం పట్టించుకోరు గానీ తెలిసినవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది.

మీకు కావలసింది ఒక్క ఎడమ సెట్టే కాబట్టి కుడిదాని కొలతలు, ఫొటోలు, దాని మీద చెక్కిన గుర్తులు అన్నీ రాసుకుని వెళ్లండి. గొట్టం లోపలి వ్యాసం తప్పకుండా కొలవండి. పాత గ్రెనేడ్‌కి చేసినదీ, 66 మిల్లీమీటర్లదీ పక్కపక్కన పెడితే తప్ప కంటికి తేడా తెలియదు. ఎడమ వైపు 1950ల నాటిది, కుడి వైపు 1970ల నాటిది అయితే బండి రూపం ఏ కాలానికీ చెందకుండా పోతుంది.

కొత్తగా తయారుచేసినవీ దొరుకుతాయి. వాటిని నేను తక్కువగా చూడను. కుడిదాని కొలతలతో మంచి లేతు పనివాడు చేసిచ్చిన ఎడమ సెట్టు, వేరే కాలం నాటి అసలు సెట్టు కంటే నయం. దాని అడుగున "కొత్తగా చేసినది" అని, సంవత్సరంతో సహా పంచ్ కొట్టించండి. రేపు ఈ బండి ఇంకొకరి చేతికి వెళ్తుంది, వాళ్లు మోసపోకూడదు.

ముట్టుకునే ముందు. ఇది మాత్రం అక్షరాలా పాటించండి. తుప్పు పట్టి బిగుసుకుపోయాయి అన్న కుడి గొట్టాల్లోకి ముందు టార్చ్ వేసి చూడండి. కర్రతో పొడవొద్దు, తలకిందులు చేసి తట్టొద్దు, వేడి అసలే పెట్టొద్దు. అడుగు దాకా ఖాళీగా కనిపిస్తే పని మొదలుపెట్టండి. అడుగున ఏదైనా కూర్చుని ఉన్నట్టుంటే, అది మట్టో, పక్షి గూడో అని మీకు మీరే సర్ది చెప్పుకోవద్దు. దూరంగా వచ్చేసి 999కి ఫోన్ చేయండి. పోలీసులే ఆర్మీ బాంబు నిపుణుల్ని పిలుస్తారు. ఎవరూ మిమ్మల్ని తిట్టరు, ఇక్కడ పొలాల్లో పాత మందుగుండు దొరకడం వాళ్లకి మామూలే.

సంతల్లో "ఖాళీ గ్రెనేడ్" అని అమ్మేవాటి సంగతీ అంతే. లోపల పేలుడు పదార్థం లేదని రాతపూర్వకంగా ఇవ్వనివాడి దగ్గర కొనొద్దు. తెల్ల భాస్వరం డబ్బా పైకి ఎంత తుప్పు పట్టినా లోపల సరుకు చావదు.

తుప్పు తీయడం. ముందు అయస్కాంతం పెట్టి చూడండి. ఒకే సెట్టులో బ్రాకెట్ ఉక్కు, గొట్టం అల్యూమినియం మిశ్రమం కావచ్చు. అయస్కాంతం అంటుకున్న ముక్కలనీ, అంటుకోనివాటినీ వేరు చేసి పెట్టుకోండి. ఎందుకంటే ఉక్కుకి మంచి చేసే కొన్ని పద్ధతులు అల్యూమినియంని తినేస్తాయి.

ఉక్కు ముక్కలకి ఎలక్ట్రోలిసిస్ నాకు నచ్చిన పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, కొంచెం వాషింగ్ సోడా, పాత బ్యాటరీ చార్జర్. నెగెటివ్ వైరు మీ ముక్కకి, పాజిటివ్ వైరు పనికిరాని ఇనుప రేకుకి. ఆ రేకు స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి తలుపులు తీసిన చోట, నిప్పుకి దూరంగా పెట్టండి. అల్యూమినియం ముక్కల్ని ఈ తొట్టి దగ్గరికి రానివ్వొద్దు, వాటికి సబ్బు నీళ్లు, నైలాన్ బ్రష్షు, ఓపిక చాలు.

శాండ్‌బ్లాస్టింగ్ గురించి అడగలేదు గానీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు. గట్టి ఇసుకతో కొడితే చెక్కిన నంబర్లు, బ్రిటిష్ సైన్యం సొత్తని చెప్పే బాణం గుర్తు అరిగిపోతాయి. అవే ఆ ముక్కకి జాతకం. ఇంకోటి, పాత పెయింట్లో సీసం ఉంటుంది, పాత బోల్టుల మీద కాడ్మియం పూత ఉండొచ్చు. పొడిగా గరుకు కాగితం వేసి ఆ దుమ్ము పీల్చుకోకండి. తడిపి రుద్దండి, మంచి మాస్కు పెట్టుకోండి, కాడ్మియం బోల్టుల్ని గ్యాస్ మంటతో కాల్చొద్దు.

బిగుసుకుపోయిన బోల్టులకి పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి వదిలేయడమే మందు. రోజూ కొంచెం పోయండి, కొంచెం బిగించండి, కొంచెం వదులు చేయండి. ఫెరెట్ కవచం చోటుని బట్టి 6 నుంచి 16 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆ రేకు మామూలు ఇనుము కాదు. అందులో బోల్టు విరిగితే డ్రిల్లు బిట్లు అరుగుతాయి తప్ప రంధ్రం కదలదు. కొత్త రంధ్రాలు వేయాలన్న ఆలోచన మానుకోండి. వెల్డింగ్ ఇంకా వద్దు. గట్టిపరిచిన ఉక్కుకి వేడి తగిలితే పగుళ్లు వస్తాయి, పైగా లోపల పెట్రోలు ట్యాంకు ఉందన్న సంగతి చాలామంది మర్చిపోతారు.

గొట్టం లోపల గుంటలు పడి ఉంటే భాస్వరం వల్ల అనుకుంటారు. కాదు. గ్రెనేడ్ పేలేది బయట, దూరంగా. గొట్టంలో మిగిలేది దాన్ని విసిరిన మందు మసి. అది తేమని పీల్చుకుంటుంది. దానికి తోడు గొట్టాలు ఆకాశం వైపు చూస్తుంటాయి కాబట్టి ఇంగ్లండ్ వాన నేరుగా లోపలికే. అడుగున నీళ్లు పోయే దారి మూసుకుపోయి ఉంటే ముందు అది శుభ్రం చేయండి, లేకపోతే మీరు ఎంత పని చేసినా రెండు చలికాలాల్లో మళ్లీ మొదటికే. గుంటలు పూడ్చక్కర్లేదు. మసి కడిగి, ఆరబెట్టి, పల్చగా మైనం పూస్తే సరిపోతుంది.

రంగు విషయం తొందరగా చెప్పేస్తా. 1950ల రూపమైతే డీప్ బ్రాంజ్ గ్రీన్, బ్రిటిష్ స్టాండర్డ్ 381సీ రంగుల పట్టికలో 224, మెరుపు ఉండాలి. మధ్యప్రాచ్యమైతే లైట్ స్టోన్, 361. తర్వాతి కాలానికి నాటో గ్రీన్ 285, నల్ల మచ్చలతో. గొట్టాలకి విడిగా నల్ల రంగు వేసి "గన్ మెటల్" లుక్ తెస్తున్నారు కొందరు. యూనిట్లలో అలా ప్రత్యేకంగా వేసేంత తీరిక ఎవరికీ ఉండేది కాదు. బండితో పాటే వాటికీ బ్రష్షుతో లాగించేవాళ్లు. బ్రష్షు గీతలు కనిపిస్తే నాకైతే సంతోషం.

డమ్మీ గ్రెనేడ్లు పెట్టాలా? వద్దు. శిక్షణకో, నిజమైన మోహరింపుకో తప్ప గొట్టాల్లో గ్రెనేడ్లు ఉంచరు. అవి మందుగుండు డిపోలో లెక్క ప్రకారం ఉండే సరుకు. బ్యారక్స్‌లో, పరేడ్‌లో ఉన్న బండికి మూత పెట్టిన ఖాళీ గొట్టమే అసలు రూపం. మీరు డబ్బులు పెట్టాల్సింది మూతల మీద. పాత రబ్బరు మూతలు చీలి, గట్టిపడి ఉంటాయి. కొత్తవి వేసుకోండి, వానకీ అడ్డం, రూపానికీ అందం. అదీగాక రోడ్డు మీద వెళ్తున్న బండిలో గ్రెనేడ్ తలలు కనిపిస్తే ఎవరో ఒకరు పోలీసులకి ఫోన్ చేస్తారు, మీ ఆదివారం పాడవుతుంది.

వైరింగ్ సంగతి. ఫెరెట్‌ది 24 వోల్టుల వ్యవస్థ. పాత కేబుల్ రబ్బరు పొడిపొడిగా రాలుతుంటుంది. చూడ్డానికి అలాగే ఉండే కొత్త కేబుల్ వేసి, గొట్టం దగ్గర కనెక్టర్ బిగించండి. రెండో చివరని లోపల కోసి, టేపు చుట్టి, "కనెక్షన్ లేదు" అని చీటీ కట్టండి. స్విచ్ బాక్సుకి వచ్చే సప్లై వైరు పూర్తిగా తీసేయండి, ఫ్యూజు తీసి ఊరుకోవడం చాలదు. ప్రదర్శనల్లో పిల్లలకి ఆ మీటలు నొక్కడం భలే సరదా. వాళ్ల కోసం స్విచ్ బాక్సు లోపలే చిన్న టార్చ్ బ్యాటరీ, బల్బు పెట్టండి. నొక్కగానే వెలుగుతుంది, బండి కరెంటుతో సంబంధం ఉండదు.

పొగ చూపించాలని ఉంటే నాటకాల్లో వాడే పొగ యంత్రం బండి వెనక పెట్టుకోండి, నిర్వాహకులతో ముందే మాట్లాడి. గొట్టంలో బాణసంచా పెట్టి చూద్దాం అనే స్నేహితుడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. అతనికి తాళం చెవులు ఇవ్వకండి.

చట్టం. కొనే ముందు మీ ప్రాంత పోలీసుల ఫైర్‌ఆర్మ్స్ లైసెన్సింగ్ విభాగానికి ఫొటోలతో ఈమెయిల్ రాసి, జవాబు ప్రింటు తీసి బండి ఫైల్లో పెట్టుకోండి. నోటిమాట మీద ఆధారపడొద్దు. రేపు మీరు డింగో లాంటి యుద్ధకాలపు బండి వైపు వెళ్తే ఇంకా జాగ్రత్త. పైన చెప్పిన 4 అంగుళాల డిశ్చార్జర్‌లో ఉన్నది నిజమైన రైఫిల్ భాగం. తుపాకులు పరీక్షించే లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ నుంచి డీయాక్టివేషన్ సర్టిఫికెట్ (ఇక పేలకుండా చేశారన్న పత్రం) లేకుండా దాన్ని ఇంటికి తేవొద్దు. బండిని ఫ్రాన్స్‌లోని నార్మండీ వేడుకలకి తీసుకెళ్లాలంటే మిలిటరీ వస్తువుల ఎగుమతి నిబంధనలు వర్తిస్తాయి, ఓడ టికెట్ కంటే ముందు అవి చూసుకోండి.

ఇక మీ బండికి వస్తే, నేనైతే ఈ వరసలో వెళ్తాను: టార్చ్‌తో తనిఖీ, ఎడమ వైపు రంధ్రాల ఫొటోలు, మ్యూజియంకి ఉత్తరం, ఆ తర్వాతే కుడి బ్రాకెట్ విప్పడం. ఎడమ వైపు అసలు రంధ్రాలే లేవని తేలితే మాత్రం సెట్టు కొనకండి, ఇక్కడ మళ్లీ రాయండి. అప్పుడు కుడి వైపుది కూడా తర్వాత ఎవరో తగిలించినదేమో చూడాలి.